ఆఫీసు ఫైళ్లు తెరవడానికి స్క్రిప్టు కావాలా, డబుల్ క్లిక్ చాలదా?

వేపచెట్టు:
ఆఫీసులో నా సిస్టమ్ ఉబుంటు లినక్స్. రోజూ పాతిక, ముప్పై డాక్స్ ఫైళ్లు (.docx, వర్డ్ డాక్యుమెంట్లు) తెరవాలి. అన్నీ ఫోల్డర్లో ఫోల్డర్, అందులో మళ్లీ ఫోల్డర్. విసుగొచ్చి ‘తెరువు’ అని ఆరు లైన్ల బాష్ స్క్రిప్టు (కమాండులు వరుసగా నడిపే చిన్న ఫైలు) రాసుకున్నాను. పేరులో ఒక ముక్క ఇస్తే చాలు, ఫైండ్ అనే కమాండుతో వెతికి, దొరికినవాటిలో అన్నిటికంటే కొత్తదాన్ని వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్‌కి ఇస్తుంది. ‘తెరువు కరెంటు’ అని కొడితే కరెంటు బిల్లు వోచరు వచ్చేస్తుంది. పక్క సీటాయన మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటున్నారు. మీరేమంటారు?

మౌస్‌వాది:
నాదీ ఆయన మాటే. ఫైల్ మేనేజరులో కంట్రోల్ ఎఫ్ కొట్టినా వెతికిపెడుతుంది. మీరు సెలవు పెట్టిన రోజు మీ సీట్లో కూర్చున్నవాళ్లకి ఈ స్క్రిప్టు సంగతి ఎవరు చెప్తారు? కమాండే కావాలంటే ఏ ఫైలునైనా దాని ప్రోగ్రాములో తెరిచే ఎక్స్‌డీజీ-ఓపెన్ ఉండనే ఉంది, కొత్తగా రాయడం దేనికి?

రాత్రి షిఫ్టు:
ఎక్స్‌డీజీ-ఓపెన్ ఒకసారికి ఒక్క ఫైలే తీసుకుంటుందండీ. రెండిస్తే ఎర్రర్ కొట్టి ఊరుకుంటుంది. పైగా ఏ ప్రోగ్రాముతో తెరవాలో డీఫాల్ట్ సెట్టింగు చూసి నిర్ణయిస్తుంది. మా దగ్గర ఎవరో ఆ సెట్టింగు కెలికారు, డాక్స్ ఫైలు కాస్తా జిప్ ఫైళ్లు విప్పే ఆర్కైవ్ మేనేజరులో తెరుచుకుంది. డాక్స్ అంటే లోపల జిప్పే కదా, ఎక్స్‌ఎంఎల్ ముక్కలన్నీ బయటపడ్డాయి. అందుకే నేను నేరుగా లిబ్రేఆఫీస్‌ని నడిపే ఎస్‌ఆఫీస్ కమాండే వాడతాను.

వేపచెట్టు గారూ, స్క్రిప్టులో ఫైలు పేరు ఉన్న వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టారా? లేకపోతే ‘మార్చి బిల్లు.డాక్స్’ ఇచ్చినప్పుడు ‘మార్చి’ ఒక ఫైలు, ‘బిల్లు.డాక్స్’ ఇంకో ఫైలు అనుకుని, రెండూ లేవంటుంది.

వేపచెట్టు:
ఆ దెబ్బ మొదటిరోజే తగిలింది, కోట్స్ పెట్టేశాను. నిన్న ఇంకోటి జరిగింది. పొద్దున తెరిచిన వోచరు విండో వెనకాల ఎక్కడో ఉండిపోయింది. మధ్యాహ్నం మళ్లీ ‘తెరువు కరెంటు’ అన్నాను. వోచరు రాలేదు. ఒకే ఒక్క లైను: నా లాగిన్ పేరు, సిస్టమ్ పేరు, తేదీ, టైము, మధ్యలో కామాలు. ఫైలు పాడైపోయిందని కాసేపు టెన్షన్ పడ్డాను.

రాత్రి షిఫ్టు:
హహ్హ, మీరు తెరిచింది లాక్ ఫైలు. లిబ్రేఆఫీస్ ఒక ఫైలు తెరిచినప్పుడు అది వాడుకలో ఉందని గుర్తుగా పక్కనే చుక్కతో మొదలయ్యే లాక్ ఫైలు పెడుతుంది, మూయగానే తీసేస్తుంది. షెల్లో (కమాండులు కొట్టే చోట) ఉత్త స్టార్ గుర్తు (*) వాడితే చుక్క ఫైళ్లని వదిలేస్తుంది గానీ ఫైండ్ వదలదు. దాని పేరులోనూ ‘కరెంటు’ ఉంది, వయసులోనూ అదే చిన్నది. మీ స్క్రిప్టు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ఫైండ్‌కిచ్చే పేరు ప్యాటర్న్ కచ్చితంగా డాట్ డాక్స్‌తోనే ముగిసేలా రాయండి. లాక్ ఫైలు పేరు చివర హ్యాష్ గుర్తుంటుంది కాబట్టి తప్పుకుంటుంది.

మౌస్‌వాది:
డబుల్ క్లిక్ చేసేవాడికి ఆ ఫైలు ఉందనే తెలియదు. ఇక నేను చెప్పేదేముంది!

డీటీపీ కొట్టు:
తెరవడం గురించి ఇంత గొడవెందుకండీ, అది ఎవరి అలవాటు వాళ్లది. స్క్రిప్టు సత్తా మార్చడంలో ఉంది. రాత్రి 80 ఫైళ్లని హెడ్‌లెస్‌లో (విండో తెరవకుండా) పీడీఎఫ్ చేయమని వదిలేసి ఇంటికెళ్తాను. ఒకసారి మాత్రం పొద్దున వచ్చి చూస్తే ఫోల్డర్ ఖాళీ, ఎర్రర్ కూడా లేదు. ముందురోజు లిబ్రేఆఫీస్ విండో మూయడం మర్చిపోయాను. అది నడుస్తుంటే కొత్త కమాండు పనిని దానికే అప్పజెప్పి తాను తప్పుకుంటుంది. మార్పిడికి వేరే ప్రొఫైల్ ఫోల్డర్ (లిబ్రేఆఫీస్ తన సెట్టింగులు దాచుకునేది) ఇచ్చాక ఆ బాధ పోయింది.

ఇంకో మాట. తెలుగు ఫాంట్లు లేని సర్వర్ మీద మారిస్తే పీడీఎఫ్ నిండా అక్షరాల బదులు డబ్బాలే. డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేసుకోండి. పాత అను ఫాంట్ల ఫైళ్లు యూనికోడ్ కావు (లోపల తెలుగు అక్షరాల బదులు వేరే గుర్తులుంటాయి), వాటి లోపలి మాటల్ని గ్రెప్ అనే వెతుకుడు కమాండుతో వెతకాలని చూడకండి.

వేపచెట్టు:
ప్యాటర్న్ మార్చాను. ఒకటి కంటే ఎక్కువ దొరికితే నంబర్లు వేసి ఏది కావాలో అడిగేలా సెలెక్ట్ కూడా పెట్టాను, ఆరు లైన్లు పదకొండయ్యాయి. మౌస్‌వాది గారూ, సెలవు సంగతి మాత్రం మీరన్నది నిజం. ఎలా వాడాలో కాగితం మీద రాసి మానిటరుకి అంటించాను.