అప్‌డేట్: అబర్డీన్ ట్రిప్‌లో ఒక్కరోజు స్కాపా ఫ్లో రెక్ డైవింగ్, ప్లాన్ ఖరారు

వైజాగ్ నుంచి స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కి ఆఫీసు పని మీద వెళ్తూ మధ్యలో ఒక్కరోజు ఆర్క్నీ దీవుల మధ్య ఉన్న స్కాపా ఫ్లో అనే సముద్రపు పాయలో రెక్ డైవింగ్ (మునిగిపోయిన ఓడల దగ్గర డైవింగ్) కుదురుతుందా అని అడిగాను కదా. కుదురుతుంది. జవాబులిచ్చిన అందరికీ థాంక్సండీ.

చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. రెండు డైవ్‌లు చేశాక ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఆర్క్నీలోని కిర్క్‌వాల్ నుంచి అబర్డీన్‌కి వచ్చే చిన్న ఫ్లైటైనా అంతే. అందుకని వెళ్లేటప్పుడు ఫ్లైట్, వచ్చేటప్పుడు ఫెర్రీ. ఫెర్రీ రోజూ ఉండదు కాబట్టి ముందు దాని టైమింగ్స్ చూసి, ఆ తర్వాతే మీటింగులు పెట్టుకోవాలి.

వైజాగ్ రుషికొండలో డైవింగ్‌కి సరిపోయే 3 ఎంఎం మందం సూటు అక్కడ ఎందుకూ పనికిరాదు. మే నెలలో నీళ్లు 8-9 డిగ్రీలే. డ్రైసూట్ (నీళ్లు లోపలికి రాని, గాలి నింపుకునే సూటు) అద్దెకి దొరుకుతుంది గానీ, లోపలి గాలి కాళ్లవైపు చేరిందంటే తలకిందులుగా పైకి లేచిపోతాం. ముందే ట్రైనింగ్ అయి ఉండాలి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునేలా ఇచ్చే పరికరం) మీద ‘10 డిగ్రీలకు పైన’ అనే గుర్తుంటే ఇంట్లోనే వదిలేయండి: సిలిండర్‌కి తగిలించే ఫస్ట్ స్టేజ్ భాగంలో మంచు కట్టి గాలి ఆగకుండా తన్నుకురావచ్చు.

మొదటి డైవ్ కోల్న్ మీద. 1919లో జర్మన్లే ముంచేసుకున్న క్రూయిజర్ (యుద్ధనౌక), అక్కడ సముద్రపు అడుగు దాదాపు 35 మీటర్ల లోతు. డీప్ సర్టిఫికెట్ (లోతు డైవింగ్ శిక్షణ పత్రం) కావాలి. రెండోది ఎఫ్2 అనే జర్మన్ ఎస్కార్ట్ నౌక, లోతు 18 మీటర్ల లోపే. 45 మీటర్ల లోతు దాకా ఉన్న పెద్ద యుద్ధనౌకల జోలికి జెట్‌లాగ్‌తో పోను.