తెలియని నంబర్ ఎత్తక తప్పని పని నాది. ఈ లోన్ కాల్స్ ఎట్టా ఆపాలి?

ప్రశ్న (ఇందుకూరుపేట దగ్గర, మోటార్ వైండింగ్ షాపు)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట దగ్గర పల్లె. పదహారేళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. వరి చేలకి పెట్టే మోటార్లు కూడా చేస్తాను గానీ, ఇల్లు గడిచేది రొయ్యల గుంటల్లోని ఏరేటర్ల మీదే, అంటే నీళ్లలో గాలి కలిపే మిషన్ల మీదే. ఇటు మైపాడు, తోటపల్లిగూడూరు, అటు విడవలూరు, అల్లూరు దాకా ఎవరు పిలిచినా పోతాను.

గుంటల సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను, లేకపోతే నా బాధ అర్థం కాదు. పగలు ఎండకి నీళ్లలోని పాచి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ పాచి కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ వాడుకోవడం మొదలుపెడుతుంది. అందుకే తెల్లవారుజామున గుంటలో గాలి అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఏరేటర్లు తిరిగేదే అందుకు. ఆ టైములో మోటార్ కాలిపోతేనో, ఒక ఫేజు పోయి ఆగిపోతేనో, కాసేపటికే రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు రైతుకి కనపడేది నేనొక్కడినే. సొంత ఫోన్లో చార్జింగ్ ఉందో లేదో, బ్యాలెన్స్ ఉందో లేదో చూసుకోడు. పక్కన ఎవరి ఫోన్ ఉంటే దాంతో కొడతాడు. కాపలా మనిషి ఫోన్, పక్క గుంట ఆయన ఫోన్, పిల్లోడి ఫోన్. నాకు వచ్చే ముఖ్యమైన కాల్స్‌లో సగం తెలియని నంబర్ల నుంచే.

ఇంక పగలు వచ్చేవి చూడండి. పర్సనల్ లోన్ కావాలా, క్రెడిట్ కార్డు వచ్చింది సార్, హైవే పక్కన ప్లాట్లు ఉన్నాయి, మీ పాలసీకి బోనస్ వచ్చింది. మొన్న ఒక వారం షాపులో పాత బిల్లు పుస్తకం వెనక గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. ఏడు రోజుల్లో 58. అందులో 11 కాల్స్ ఎత్తితే అసలు మాటే లేదు, హలో హలో అని నేనే అరుచుకోవాలి. స్టేటర్‌లో, అంటే మోటార్‌లో తిరగకుండా ఉండే భాగంలో, రాగి తీగ చుట్టేటప్పుడు చుట్లు మనసులో లెక్కపెట్టుకుంటూ ఉంటాం. మధ్యలో ఫోన్ మోగితే లెక్క పోతుంది. తీగ ఊడదీసి మళ్లీ మొదటి నుంచి చుట్టాల్సిందే. ఒకే రోజు ఒకే మోటార్‌కి మూడుసార్లు అట్టా చేశాను.

నా చిరాకు చూసి మా అబ్బాయి ఫోన్లో డు నాట్ డిస్టర్బ్ పెట్టాడు. పేరు సేవ్ చేసుకున్న నంబర్లు తప్ప ఏవీ మోగవు. మధ్యాహ్నమంతా హాయిగా పని చేసుకున్నాను. రాత్రికి తీసేయాలన్న సంగతి మర్చిపోయి పడుకున్నాను.

తెల్లారి అయిదున్నరకి లేచి చూస్తే ఒకే నంబర్ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. మొదటిది 3.12కి, నాలుగోది 3.21కి. తిరిగి చేస్తే కౌలు రైతు ఒకాయన. గుంట దగ్గరికి కొత్తగా వచ్చిన కాపలా అతని ఫోన్ నుంచి చేశాడు. స్టార్టర్ కాలిపోయి నాలుగు ఏరేటర్లూ ఒకేసారి ఆగాయి. నేను బండి వేసుకుని పోయేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వల వేసి చచ్చిన రొయ్య తీస్తున్నారు. ఇంకో పదిహేను రోజుల్లో రొయ్య పట్టుబడి పెట్టుకున్నాడు. మేతకి తెచ్చిన అప్పు అట్టే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. "నీకేం తెలుసబ్బా, నిద్రలో ఉన్నావు" అన్నాడు. ఆ స్టార్టర్ మార్చడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు.

అప్పటి నుంచి ఫోన్ మళ్లీ అన్నిటికీ మోగుతోంది. మళ్లీ లోన్ కావాలా సార్ అంటున్నారు. ఎవడికో కమీషన్ వచ్చే కాల్ కోసం నేను గుంట దగ్గర నుంచి వచ్చే కాల్ పోగొట్టుకోవాల్నా? రైతు నంబర్ ఒక్కటి కూడా తప్పిపోకుండా వీటిని ఆపే దారి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (గూడూరు నుంచి)

అన్నా, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెన్నైలో రెండేళ్లు ఇట్టాంటి లోన్ కాల్స్ చేసే ఆఫీసులోనే పని చేశాను. అందుకే చెప్పాలనిపించింది.

మేము చేత్తో నంబర్ నొక్కం అన్నా. మిషన్ ఒకేసారి ఎన్నో నంబర్లకి కొడుతుంది. ముందు ఎవరు ఎత్తితే ఆ లైను మాలో ఖాళీగా ఉన్న అమ్మాయికి వస్తుంది. ఎవరూ ఖాళీ లేకపోతే ఎత్తినాయనకి ఏమీ వినపడదు. మీరు హలో హలో అని అరిచిన కాల్స్‌లో చాలావరకు అవే అయ్యుంటాయి. తెల్లవారుజామున గుంట దగ్గర నుంచి వచ్చిందేమోనని ఒక మనిషి గుండె దడతో ఎత్తుతాడని మాకు ఎవరూ చెప్పలేదు. మా ముందు స్క్రీన్ మీద కనపడేది టార్గెట్ ఒక్కటే.

ఇంకో సంగతి. "బిజీగా ఉన్నాను, తర్వాత చేయమ్మా" అని మర్యాదకి అంటారు చూడండి, మా ఆఫీసులో దాన్ని కాల్ బ్యాక్ అని గుర్తు పెట్టేవాళ్లం. మళ్లీ చేయడం మా డ్యూటీ. కాబట్టి అట్టా అనకండి. "నాకు వద్దు, నా నంబర్ తీసేయండి" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి పెట్టేయండి. తిట్టొద్దన్నా. తిట్లు తిని బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చిన రోజులు నాకున్నాయి.

నంబర్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, షాపుల్లో లక్కీ డ్రా చీటీలు, ఎగ్జిబిషన్లలో రాసే కూపన్లు, అన్నిటికన్నా ఎక్కువ లోన్ యాప్‌లు. ఒక్కసారి "ఎంత వస్తుందో చూద్దాం" అని నంబర్ కొడితే చాలు.

జవాబు (కావలి నుంచి)

1909కి పెట్టి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) చేయించుకోండి అని అందరూ చెప్తారు. నేను ఆరు నెలల కింద చేయించాను. తగ్గాయి గానీ ఆగలేదు. ఇప్పటికీ రోజూ రెండు మూడు వస్తున్నాయి. నాకైతే వాటి మీద నమ్మకం పోయింది.

జవాబు (ఒంగోలు నుంచి)

మీ ఇద్దరి మాటల్లోనూ ఒక చిక్కుముడి ఉంది. డీఎన్‌డీ అనే పేరుతో రెండు వేరు వేరు సంగతులున్నాయి. మెకానిక్ గారి అబ్బాయి పెట్టింది ఫోన్ లోపలి సెట్టింగ్. కావలి ఆయన చెప్తున్నది ట్రాయ్ వాళ్ల, అంటే ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ వాళ్ల, రిజిస్ట్రేషన్. పేరు ఒకటే గానీ పని వేరు.

నాకెందుకు ఇంత తెలుసంటే, నాదీ తెలియని నంబర్ ఎత్తాల్సిన బతుకే. నాది ఓ నెగటివ్ రక్తం. బ్లడ్ బ్యాంకుల్లో నా నంబర్ రాసి ఉంది. మూడు నెలలకి ఒకసారి ఇవ్వగలను. ఒకసారి కనిగిరి వైపు నుంచి కాన్పు కేసు వచ్చింది. ఆమె తమ్ముడు ఫోన్ చేస్తే, అది కూడా ప్లాట్ల కాల్ అనుకుని కట్ చేశాను. వాళ్లు వేరే దాతను వెతుక్కున్నారు, తల్లీబిడ్డా బాగున్నారు. అయినా ఆ కట్ చేసిన వేలు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి వీటి గురించి కూర్చుని నేర్చుకున్నాను.

మొదట ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌లో అదే డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్‌లో, కాల్స్ అన్న చోట, రిపీట్ కాలర్స్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే, ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల లోపల రెండోసారి కాల్ వస్తే ఫోన్ మోగుతుంది, ఆ నంబర్ సేవ్ చేసుకోకపోయినా సరే. మీరు చెప్పిన టైములు చూశాను. 3.12కి ఒకటి, 3.21కి నాలుగోది. తొమ్మిది నిమిషాల్లో నాలుగు. ఆ ఒక్క బటన్ ఆన్‌లో ఉంటే రెండో కాల్‌కే మీకు మెలకువ వచ్చేది. ఇది రాయడానికి నాకు చేతులు రాలేదు. కానీ ఇంకెవరికీ అట్టా కాకూడదని రాస్తున్నాను.

రెండోది ట్రాయ్ డీఎన్‌డీ. 1909కి ఫోన్ చేసి గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ పెట్టుకోవచ్చు. అన్నీ వద్దనవచ్చు, లేదా బ్యాంకులు-బీమా, రియల్ ఎస్టేట్ అని రకం చూసుకుని వద్దనవచ్చు. ఓటీపీలు, మీ బ్యాంకు లావాదేవీల మెసేజీలు దీనివల్ల ఆగవు, భయం వద్దు. ప్రచారం కాల్స్ పద్ధతి ప్రకారం చేసేవాళ్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలి. బ్యాంకుల లాంటి సంస్థలు సర్వీసు కాల్స్ చేయడానికి 1600తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. డీఎన్‌డీ పెడితే 140 కాల్స్ ఆగుతాయి.

కావలి ఆయనకి ఇంకా వస్తున్నవి మామూలు పది అంకెల నంబర్ల నుంచి అయ్యుంటాయి. అవి చేసేవాళ్లు రిజిస్టర్ కాలేదు, వాళ్లు డీఎన్‌డీ జాబితా చూడరు. వాటి మీద కంప్లయింట్ ఇవ్వాలి, కాల్ వచ్చిన 7 రోజుల లోపల. ఇంతకుముందు 3 రోజులే గడువు, 2025 ఫిబ్రవరిలో మార్చారు. అదే సవరణతో, 10 రోజుల్లో 5 కంప్లయింట్లు వస్తే ఆ నంబర్ మీద చర్య మొదలు పెట్టాలని రూల్ వచ్చింది. అందుకే నేను ఒక్క కాల్ కూడా వదలను. యాప్‌లో పెట్టడానికి ఒక నిమిషం పడుతుంది. మీ ఒక్కరి కంప్లయింట్‌తో ఏం జరుగుతుంది అంటారేమో, ఆ అయిదింటిలో మీదీ ఒకటి కావాలి కదా.

ప్రశ్న అడిగినాయన (మూడు వారాల తర్వాత)

ఒంగోలు అన్నకి, గూడూరు చెల్లెమ్మకి దండాలు. చెప్పినవన్నీ చేశాను.

డీఎన్‌డీ పెట్టాను. లోన్ కాల్స్ పది అంకెల నంబర్ల నుంచి ఇంకా వస్తున్నాయి, వచ్చినదాని మీదల్లా కంప్లయింట్ పెడుతున్నాను. మళ్లీ బిల్లు పుస్తకం వెనక గీతలు గీశాను. ఈ వారం 19. ఒక్కటీ రాకూడదని నా కోరిక గానీ, 58 నుంచి 19 అంటే నాకు ఎంతో తేడా తెలుస్తోంది. నిన్న 5 హెచ్‌పీ మోటార్ ఒకటి మొదటి నుంచి చివరి దాకా ఒకే కూర్చోడంలో చుట్టాను.

రిపీట్ కాలర్స్ ఆన్ చేసి, మా అబ్బాయి ఫోన్‌తో రెండుసార్లు కొట్టించి చూశాను. వాడి పేరు తీసేసి చేశాను. రెండోసారికి మోగింది.

ఇంకో పని నాకై నేను చేశాను. అల్లూరు నుంచి మైపాడు దాకా నా దగ్గరికి వచ్చే ప్రతి గుంట దగ్గరికీ పోయి, రైతు నంబర్, ఇంట్లోవాళ్ల నంబర్, కాపలా మనిషి నంబర్ మూడూ రాసుకుని సేవ్ చేశాను. 43 గుంటలు. స్టార్టర్ డబ్బా మూత లోపల పెయింట్‌తో నా నంబర్ రాసి, కింద "వెంటనే రెండుసార్లు కొట్టండి" అని రాశాను. కాపలావాళ్లు చాలామంది ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, తెలుగు చదవలేరు. వాళ్లకి ఎదురుగా నిలబడి, వాళ్ల ఫోన్‌తోనే రెండుసార్లు కొట్టించి చూపించాను.

కౌలు రైతు గుంట ఎండగట్టారు. మళ్లీ పిల్ల వేయడానికి పెట్టుబడి కోసం తిరుగుతున్నాడు. ఆయన నాలుగు మోటార్లూ షాపుకి తెచ్చుకున్నాను. బేరింగులు మార్చి, కొత్త స్టార్టర్ పెట్టి ఉంచాను. డబ్బులు ఆయన పంట చేతికొచ్చాకే తీసుకుంటాను అని చెప్పాను.