1851 కప్పు: 'అమెరికా' నెగ్గిందా, అడ్డదారిన పోయిందా?

లంగరు_విశాఖ
తెరచాప పడవల పందెం అమెరికాస్ కప్ ఎలా పుట్టిందంటే అందరిదీ ఒకటే పాట. 1851 ఆగస్టు 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఐల్ ఆఫ్ వైట్ దీవి చుట్టూ 53 నాటికల్ మైళ్ల పందెం పెట్టారు, న్యూయార్క్ నుంచి వచ్చిన 'అమెరికా' అనే స్కూనర్ (తెరచాప పడవ) ఒక్కటే ఇంగ్లిష్ పడవలన్నిటినీ ఓడించింది, చప్పట్లు. అసలు సంగతి ఎవరూ ఎత్తరు. దీవికి తూర్పున నాబ్ అనే దీపనౌక లంగరేసి ఉండేది. చాలా ఇంగ్లిష్ పడవలు దాని బయటి నుంచి తిరిగాయి. 'అమెరికా' లోపలి నుంచి దూరిపోయింది. ఎంత దూరం కలిసొచ్చిందో మ్యాపు చూసుకోండి. ఇదీ ఒక గెలుపేనా? నేనైతే కాదంటాను.

చిన్నా_కరీంనగర్
నూటడెబ్బై ఏండ్ల కిందటి పంచాయితీ ఇప్పుడెందుకన్నా

శారద_న్యూజెర్సీ
విశాఖ గారూ, సగమే చెప్పారు. పందెం పెట్టింది కౌజ్ అనే ఊళ్లోని రాయల్ యాట్ స్క్వాడ్రన్ క్లబ్బు. వాళ్లు అచ్చేసిన ప్రకటనలో 'నాబ్ బయటి నుంచి' అని ఉంది. 'అమెరికా' వాళ్ల చేతికిచ్చిన కార్డులో ఆ ముక్కే లేదు. ఫలానా బోయాల (నీటి మీద తేలే గుర్తుల) లోపలి నుంచి దీవి చుట్టి రమ్మని ఉంది, అంతే. బ్రిలియంట్ అనే పడవ యజమాని ఫిర్యాదు చేశారు, అది నిలబడలేదు. అప్పట్లోనే ముగిసిన కేసును మీరు తిరగదోడుతున్నారు.

లంగరు_విశాఖ
మేడమ్, కార్డులో లేకపోవచ్చు. 'అమెరికా' మీద దారి చూపిన పైలట్ ఎవరు? అండర్‌వుడ్ అనే స్థానికుడు. ఆ నీళ్లలో దీవి చుట్టూ పందెమంటే నాబ్ బయటి నుంచి పోవాలని ఆయనకు తెలియదా? నేను మర్చంట్ నేవీలో చేసినవాణ్ణి. మా పైఆఫీసరు నోటితో చెప్పిన పని చేశాను. తర్వాత 'లాగ్‌బుక్కులో లేదే' అని చేతులు దులిపేసుకున్నాడు. నా ప్రమోషన్ అక్కడే ఆగింది. 'కాగితంలో లేదు' అనే మాట ఎవరికి పనికొస్తుందో నాకు బాగా తెలుసు.

ఒంగోలు_గిత్త
మీరిద్దరూ ఆ దీపం చుట్టూనే తిరుగుతున్నారు. రెండోదిగా వచ్చిన అరోరా 47 టన్నులు. 'అమెరికా' 170. చిన్న పడవకు టన్నుల లెక్కన కొంత సమయం కలిపివ్వడం ఇంగ్లండులో అప్పటికే ఉంది. ఆ రోజు ఆ లెక్క పక్కన పెట్టేశారు. అయినా అరోరా 8 నిమిషాల వెనకే వచ్చిందని ఒకరు రాశారు, 20 దాటాయని ఇంకొకరు. పదిన్నర గంటల పందెంలో అదొక తేడానా?

మా వైపు బండలాగుడు పందేల్లో పళ్లు చూసిగానీ జతను బరిలోకి వదలరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. దేని విభాగం దానిదే. ఒక ఊళ్లో కమిటీవాళ్లు మా బాబాయి ఆరు పళ్ల జతను సీనియర్లలోకి తోశారు. అదేమంటే 'ఇష్టమైతే లాగండి, లేకపోతే తోలుకుపోండి' అన్నారు. లాగాయి, మూడో స్థానం. ఆ యేడే జతను అమ్మేశాడు మా బాబాయి. అరోరా యజమాని కడుపుమంట మాకు తెలుసు.

వెంకట్1983
రెండోది ఎవరని విక్టోరియా రాణిగారు అడిగితే 'రెండోది లేదు' అన్నారట కదా 😄

ఒంగోలు_గిత్త
అరోరా వెనకాలే వస్తుంటే లేదంటారేంటి? గెలిచినవాళ్లు అల్లుకున్న కథ అది.

శారద_న్యూజెర్సీ
గిత్త గారూ, టన్నులే గెలిపిస్తే ఆ బరిలో 'అమెరికా' కంటే పెద్దవి ఉన్నాయి. అదే బ్రిలియంట్ 392 టన్నులు, మూడు స్తంభాల ఓడ. అర్ధరాత్రి దాటాక ఒడ్డు చేరింది. 'అమెరికా'ను గెలిపించింది దాని రూపకర్త జార్జ్ స్టీర్స్ గీసిన పడవ ఆకారం. అప్పటి ఇంగ్లిష్ పడవలకు ముందుభాగం లావు, వెనక సన్నం. ఈయన ముందును కత్తిలా సన్నగా చేసి, వెడల్పును నడిమికి, ఇంకా వెనక్కి జరిపాడు. తెరచాపలు చూడండి. వాళ్లవి అవిసెనార గుడ్డ, గాలికి సంచిలా ఉబ్బేవి, బిగువు కోసం నీళ్లు చల్లుకునేవాళ్లు. వీళ్లవి మరనేత నూలు చాపలు, కింది అంచు దూలానికి బిగించి కట్టినవి, పలకలా నిలిచేవి. ఎదురుగాలిలో ఏటవాలుగా పైకి పోవాలంటే కావలసింది అదే. లంగరు ఎత్తడంలో ఆలస్యమై అందరికంటే వెనక బయల్దేరింది. మధ్యలో ముందుకర్ర (ముక్కున పొడుచుకొచ్చే చాపకర్ర) విరిగింది. అయినా ముందుకొచ్చింది.

లంగరు_విశాఖ
మీరు చెప్పనివి నేను చెబుతాను. 'ఆరో' (Arrow) అనే ఇంగ్లిష్ పడవ నేలకు తగిలి ఆగిపోయింది. దానికి సాయం చేయబోయి 'అలారం' అనే పడవ పందెమే వదులుకుంది. ఫ్రీక్, వొలాంటే అనే పడవలు గుద్దుకుని వొలాంటే ముందుకర్ర పోయింది. మంచి పడవలు అలా తప్పుకున్నాక, నాబ్ దగ్గర అడ్డదారి. ఇదంతా చాపల మహిమేనా?

శారద_న్యూజెర్సీ
కర్ర విరగడం దానికీ జరిగిందని ఇప్పుడే రాశాను. చదవకుండా జవాబిస్తున్నారు. ఇంకొకటి. మీ దగ్గర కాగితం లేదని మిమ్మల్ని శిక్షించారని మీ బాధ. ఇక్కడేమో కాగితంలో లేని దారిన పోలేదని వాళ్లను శిక్షించమంటున్నారు. మీ పైఆఫీసరు మీద కోపం ఈ పడవ మీద తీర్చుకుంటే ఎలా?

లంగరు_విశాఖ
న్యూజెర్సీలో కూర్చుని ఆ జెండా ఊపడం సులువేనమ్మా. ఆ కప్పును 1857లో న్యూయార్క్ యాట్ క్లబ్బుకు రాసిచ్చారు, దేశాల మధ్య స్నేహపూర్వక పోటీకని. ఏం స్నేహం? 1870లో ఆష్‌బరీ అనే ఇంగ్లిషాయన కేంబ్రియా అనే పడవ వేసుకుని అట్లాంటిక్ దాటి వస్తే క్లబ్బు పడవలన్నిటి మధ్యకు తోశారు. 1871లో లివోనియాతో మళ్లీ వచ్చాడు. రెండో పందెంలో గుర్తుపడవను ఏ వైపు నుంచి తిరగాలో కాగితంలో లేదు. క్లబ్బు తరఫు పడవ కొలంబియా వాళ్లు అడిగితే ఏ వైపైనా సరే అన్నారు, ఆ మాట ఆష్‌బరీకి మాత్రం చేరలేదు. ఆయన కష్టమైన వైపు తిరిగి వెనకబడ్డాడు. ఫిర్యాదు కొట్టేశారు. అప్పుడు మీ కార్డు న్యాయం ఎటు పోయింది?

మోడరేటర్
ఎవరు ఎక్కడ ఉంటున్నారన్నది ఇక్కడ చర్చ కాదు. ఇంకోసారి వస్తే తీసేస్తాను.

శారద_న్యూజెర్సీ
నేనుండే రాష్ట్రంలోనే, హొబోకెన్ ఒడ్డున, ఆ క్లబ్బు మొదటి ఇల్లు ఉండేది. అంతమాత్రాన వాళ్ల తరఫున వాదించాలా? 1871లో తప్పు న్యూయార్క్ వాళ్లదే. 1851లో తప్పు కౌజ్ వాళ్లదే. తన ఊళ్లో, తన నీళ్లలో పందెం పెట్టేవాడు పరాయి ఊరివాడికి అన్నీ రాసివ్వాలి. 'అందరికీ తెలిసిందేగా' అనే మాట ఊరివాళ్లకే పనికొస్తుంది.

లంగరు_విశాఖ
రాసిందే రూలంటే సముద్రం మీద ఒక్క రోజు బతకలేం. తెలిసిన పద్ధతిని గౌరవించేవాడే నావికుడు. సరే, మీ లెక్కనే 1871 పందెం చెల్లుతుందా చెల్లదా?

శారద_న్యూజెర్సీ
మళ్లీ పెట్టాల్సింది.

లంగరు_విశాఖ
మరి 1851ది?

శారద_న్యూజెర్సీ
మళ్లీ పెట్టినట్టే అయింది. ఆరు రోజులకే, ఆగస్టు 28న. రైలింజన్ల రాబర్ట్ స్టీఫెన్‌సన్ తన ఇనుప పడవ టైటానియాను దింపాడు. ఒకటికి ఒకటి, అడ్డదారి గొడవ లేదు. 'అమెరికా' దగ్గర దగ్గర గంట తేడాతో గెలిచింది.

చిన్నా_కరీంనగర్
అయిపాయె. ఇగ పండుకుందామా

ఒంగోలు_గిత్త
ఆగండాగండి. ఆ టైటానియా ఎన్ని టన్నులు? 100. ఆ పందెంలోనైనా సమయం కలిపిచ్చారా లేదా, అది చెప్పండి ముందు.