కొబ్బరినూనె మానేశాం, మరి ఏ లూబ్రికెంట్ కొనాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నాకు 33. రెండో కాన్పయి ఏడు నెలలు, పాపకి ఇంకా నా పాలే. అప్పట్నుంచి బాగా పొడిబారి, కలిసినప్పుడల్లా మంట. మొదట్లో వంటింట్లోని కొబ్బరినూనే వాడాం. ఓ రాత్రి కండోమ్ చిరిగింది! నూనె తగిలితే లేటెక్స్ (కండోమ్ రబ్బరు) బలహీనపడుతుందని అప్పుడు తెలిసింది.

తర్వాత మెడికల్ షాపులో స్ట్రాబెర్రీ వాసన జెల్ ఇచ్చారు, పేపర్లో చుట్టి మరీ. దాంతో మంట ఇంకా ఎక్కువైంది. వెనకాల చూస్తే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. ఇలాంటి జెల్‌కి పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత) 4.5 దగ్గర్లో, ఆస్మోలాలిటీ (అందులో కరిగినవి ఎంత గాఢంగా ఉన్నాయో చెప్పే కొలత) 1200 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట. నేను కొన్న ట్యూబు మీద ఆ అంకెలే లేవు. ఎలా తెలుసుకోవాలి? సిలికాన్‌ది కండోమ్‌ని పాడుచేయదు సరే, తేలిగ్గా కడుక్కోవచ్చా? వాడినవాళ్లు చెప్పండి. శనివారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నా, ఆవిడని ఏమడగాలో కూడా.