‘మిస్ అవుతున్నాను’ అనడానికి తెలుగు మాట: లోటా, వెలితా, బెంగా?

ఎంతో ఇష్టమైన రచయిత పోయారు. ఆయన పుస్తకాలన్నీ చదవడం కూడా దాదాపు అయిపోయింది. అప్పుడు పట్టుకునే బాధను తెలుగులో ఏమనాలి? ‘ఆయన్ని మిస్ అవుతున్నాను’ అని రోజూ అనేస్తాం, అందరికీ అర్థమవుతుంది కూడా. కానీ మన దగ్గర దీనికి మూడు మాటలున్నాయి. మూడూ ఒకటి కావు.

ఈ ప్రశ్న నాకు ఇంగ్లిష్ హాస్య ఫాంటసీ రచయిత టెర్రీ ప్రాచెట్ వల్ల వచ్చింది. తాబేలు వీపు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలా బల్లపరుపు లోకం. ఆ డిస్క్‌వరల్డ్ వరసలో 1983 నుంచి 41 నవలలు రాశారాయన. తనకు అల్జీమర్స్‌లో ఒక అరుదైన రకం వచ్చిందని 2007లో ఆయనే చెప్పారు. ఆ తర్వాత కూడా రాయడం ఆపలేదు. 2015 మార్చి 12న, 66 ఏళ్ల వయసులో పోయారు. చివరి నవల ‘ద షెపర్డ్స్ క్రౌన్’ ఆయన పోయాక అదే ఏడాది వచ్చింది. నేను 40 చదివాను, అది మాత్రం ఇంకా తెరవలేదు.

లోటు అనేది సంతాప సభల మాట అయిపోయింది. ‘సాహిత్య లోకానికి తీరని లోటు’ అంటాం. అందులో నేను లేను.

వెలితి అలా కాదు. నీళ్లు అంచు దాకా రాకపోతే కుండ వెలితిగా ఉందంటాం. అంటే వెలితి ఉన్నది నాలో, కాబట్టి ఇంకొకటి పోసి కొంతైనా నింపుకోవచ్చు.

బెంగ దగ్గర విభక్తి చూడండి. ‘పిల్ల వాళ్లమ్మ మీద బెంగ పెట్టుకుంది’ అంటాం. ఆ ‘మీద’ నేరుగా మనిషిని పట్టుకుంటుంది. పిల్ల చేతికి బొమ్మ ఇస్తే ఏడుపు ఆగుతుందేమో గానీ బెంగ తీరదు. అమ్మే రావాలి.

‘ప్రాచెట్ లాంటి పుస్తకాలు చెప్పండి’ అని అడిగిన ప్రతిసారీ నిరాశపడ్డాను. కారణం ఇక్కడే దొరికింది. ‘లాంటి’ అన్నప్పుడు బెంగ తీర్చమని అడుగుతున్నాను, అది ఎవరి వల్లా కాదు. ఏ వెలితి అని విడదీసి అడిగితే మాత్రం జవాబులున్నాయి.

వాక్యం చివర్లో మెలిక తిరిగి నవ్వించడమే కావాలంటే ఇంగ్లిష్ హాస్య రచయిత వుడ్‌హౌస్ దగ్గరికి వెళ్లండి. ఫాంటసీ కథల్లో అరిగిపోయిన పద్ధతులను ఆటపట్టించాలంటే డయానా విన్ జోన్స్ 1996లో రాసిన ‘ద టఫ్ గైడ్ టు ఫాంటసీలాండ్’ ఉంది. ఊహాలోకానికి టూరు వెళ్లేవాళ్ల కోసం రాసిన గైడ్ అన్నమాట. అక్కడ గుర్రాలకు అలుపుండదు, సైకిళ్లలాగా నడుస్తూనే ఉంటాయి. తినడానికి ఎప్పుడు చూసినా మాంసం, కూరగాయలు కలిపి ఉడికించే స్ట్యూనే, దారి మధ్యలో వండుకోవడానికి అంతకంటే ఆలస్యమయ్యేది ఇంకోటి లేకపోయినా సరే. చదివాక ఏ ఫాంటసీ నవల తెరిచినా స్ట్యూ కోసం వెతుకుతున్నాను.

ప్రాచెట్ ఫుట్‌నోట్ల మీద మనసు పడ్డవాళ్లకు జాస్పర్ ఫోర్డ్. 2001 నాటి ‘ది ఐర్ ఎఫైర్’లో దుండగుడు షార్లెట్ బ్రాంటీ నాయిక జేన్ ఐర్‌ను ఆ నవల్లోంచే ఎత్తుకుపోతాడు. తర్వాతి పుస్తకంలో పాత్రలు ఫుట్‌నోట్ల ద్వారానే ఫోన్ మాట్లాడుకుంటాయి.

అందరూ ముందు చెప్పే పేరు ‘ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ రాసిన డగ్లస్ ఆడమ్స్. నవ్వు వస్తుంది, బాగా వస్తుంది. కానీ ఆయన విశ్వాన్ని దూరం నుంచి చూసి నవ్విస్తారు. ప్రాచెట్ నవ్వు వెనక, చిన్నవాళ్లకు జరిగే అన్యాయం మీద కోపం ఉంటుంది. నా వెలితి అసలు అక్కడే ఉంది. దాన్ని నింపే పుస్తకం నాకు ఇంకా దొరకలేదు.

వ్యాఖ్య: బెంగ బతికున్నవాళ్ల మీద కదండీ పెట్టుకుంటాం? పోయినవాళ్ల విషయంలో దిగులు అనాలేమో.

నా జవాబు: దిగులు ఎక్కువగా రాబోయేదాని గురించండీ. ‘రేపు పరీక్ష ఎలా రాస్తాడో అని దిగులు’ అంటాం. ‘భార్య పోయిన బెంగతో మంచం పట్టాడు’ అనడం మీరూ వినే ఉంటారు. తిరిగి రారని తెలిసినా, ఎదురుచూడటం మానని మనసుకు ఆ మాట సరిపోతుంది.

పైగా ప్రాచెట్ ‘గోయింగ్ పోస్టల్’ నవల్లో సందేశాలు పంపే గోపురాల వరస ఒకటి ఉంటుంది. పనిచేస్తూ చనిపోయినవాళ్ల పేర్లను అక్కడివాళ్లు ఆ వరసలో ఆపకుండా తిప్పుతూనే ఉంటారు. పేరు ముందు మూడు అక్షరాలు పెడతారు: ముందుకు పంపు, లెక్కల్లో రాయకు, చివరికి చేరాక వెనక్కి తిప్పు అని వాటి అర్థం. ఆయన పోయాక పాఠకులు అవే అక్షరాలతో ‘జీఎన్‌యూ టెర్రీ ప్రాచెట్’ అని తమ వెబ్‌సైట్ల కోడ్‌లో, బయటికి కనబడని చోట రాసుకున్నారు. వాళ్లు చేసిన పనికి బెంగ కాక ఇంకే మాట వాడను?

41వ పుస్తకం అలమారలోనే ఉంది. మొన్న తీసి, అట్ట మీద దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాను.