ఇంట్లో చేసిన బోనులో ఎర పోతోంది, పందికొక్కు మాత్రం పడటం లేదు

మాది పర్లాకిమిడి. పెరట్లో కోళ్ల గూడు పక్కన పందికొక్కు కలుగు చేసింది. కోళ్లూ పిల్లీ తిరిగే చోటు, విషం పెట్టలేను. అందుకే బోను నేనే చేశాను. అంగుళం కన్ను వెల్డ్ మెష్, 2 అడుగుల పొడవు, ఎత్తూ వెడల్పూ 9 అంగుళాలు. రేకు తలుపు పైనుంచి జారుతుంది. లోపలి చివర కొక్కేనికి గుచ్చిన ఎరను లాగితే తలుపు పడాలి.

సాయంత్రం ఎండు చేప గానీ కాల్చిన కొబ్బరి ముక్క గానీ పెడుతున్నా. రాత్రి పదిన్నర దాటాక చప్పుడు వినిపిస్తుంది. తెల్లారి చూస్తే ఎర ఉండదు, తలుపు ఎత్తినట్టే ఉంటుంది. చేత్తో కొక్కెం కదిపితే మాత్రం టక్కున పడుతుంది! గాడికి నూనె రాశాను. బయటి నుంచి లాగకుండా వెనక రేకు బిగించాను. ఎరను తీగతో కట్టాను, అప్పటి నుంచి లాగకుండా అక్కడే కొరుక్కు తింటోంది. తలుపు తెరిచి కట్టేసి కొన్ని రాత్రులు ఉత్తగా మేత పెట్టి అలవాటు కూడా చేశాను. అదీ హాయిగా మేసి పోయింది. చుంచెలుకలు కావు, అడుగులు పెద్దవి.

ఇక కొక్కెం తీసేసి తొక్కుడు పలక పెడదామనుకుంటున్నా. కిలో దాకా తూగే పందికొక్కు తోకతో సహా లోపలికి వచ్చాకే తలుపు పడాలంటే, ఈ కొలతల బోనులో పలకను తలుపు నుంచి ఎన్ని అంగుళాల దూరంలో పెట్టాలి?