అంబాసిడర్ మార్క్ 3: వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఇరుసు పెట్టె) మోత, ఆయిల్ లీకు, కింద తుప్పు. ఏది ముందు పట్టుకోవాలి?

కోనసీమ మార్క్3:

అందరికీ నమస్కారమండి. బండి 1977 మార్క్ 3, పెట్రోలు. మా మేనమామగారిది. రైసు మిల్లు మూసేశాక బండి ఆ షెడ్డులోనే ఉండిపోయింది. సంక్రాంతికి ముందు ట్రాక్టరుతో లాక్కొచ్చి మా ఇంటి దగ్గర పెట్టాను. ఇంజనుతో పేచీ లేదండి, కార్బురేటర్ కడిగి బ్యాటరీ పెడితే అందుకుంది. నా గోలంతా వెనకాల, అడుగునా.

ఎడమ వెనక చక్రం లోపలివైపు అంతా గేరాయిలు. డ్రమ్ము కింద నుంచి కారి టైరు దాకా వచ్చింది. కాలవ గట్టు మీద కాస్త దూరం తిప్పి చూశాను. నలభై దాటేసరికి వెనక సీటు కింద నుంచి ఊళ పెడుతోంది, యాక్సిలరేటర్ వదిలేస్తే తగ్గిపోతోంది. ఫస్ట్ గేరులో క్లచ్ వదిలినప్పుడల్లా ‘టక్’ మని ఒక దెబ్బ.

ఇక అడుగు చూస్తే ఏడుపొచ్చిందండి. ఎడమ కమాను (పలకల స్ప్రింగు) వెనక చివర వేలాడే లింకు, అదే షాకిల్, పట్టుకునే చోట స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. డోర్ల కింద బాక్సులో బెజ్జం దగ్గర వేలు పెట్టి గీకితే ఊక వచ్చింది. మిల్లు ఊకే! నల్లగా, తడిగా, ముద్దలు ముద్దలుగా. ఎలకలు చేర్చాయో, గాలికి చేరిందో మరి.

ఒక మెకానిక్ గారు ‘హౌసింగ్ మొత్తం తీసేసి స్క్రాపులో ఇంకోటి తెచ్చి ఎక్కిద్దాం, అడుగున తారు కొట్టేద్దాం, పదేళ్లు చూడక్కర్లేదు’ అంటున్నారు. ఇంకొకాయన క్రౌన్ పీనియన్ (హౌసింగ్ లోపలి పళ్ల చక్రాల జత) పోయింది, సెట్టు మార్చాలంటున్నారు. డబ్బు చూసుకుని పెట్టాల్సినవాణ్ణి. సామాను విప్పడం, బిగించడం నాకు వచ్చు, వెల్డింగ్ చేసే స్నేహితుడున్నాడు. ఎక్కడ మొదలెట్టమంటారు?

ఓరుగల్లు డీజిల్:

అన్నా, నీ మెకానిక్ చెప్పింది నాకైతే తప్పనిపిస్తలేదు. మంచి హౌసింగ్ దొరికితే ఎక్కించుడే. పాతది విప్పి ఒక్కొక్క బేరింగ్ కొనుకుంట పోతే పైసలకు లెక్కుండదు. కాకపోతే తారు మాత్రం కొట్టియ్యకు. మా బాపు జీపుకు కొట్టిచ్చిండు. పైకి నల్లగ నిగనిగలాడింది, లోపల రేకు మొత్తం తిన్నది.

ఆటోనగర్ బాబాయ్:

తమ్ముడూ, ముందు ఆ బండి తిప్పడం ఆపు. బ్రేకు లైనింగ్ గేరాయిలు తాగేసిందంటే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. గట్టు మీద ఒక చక్రం పట్టి ఇంకోటి జారితే బండి కాలవలో ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నా పని అంతా ఈ బండ్లతోనే గడిచింది. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూస్తున్నాడు, నేను కుర్చీలో కూర్చుని అరుస్తుంటాను. నువ్వు రాసింది బట్టి నా మాట: క్రౌన్ పీనియన్ జోలికి ఇప్పుడే వెళ్లకు. హౌసింగ్ మార్చడమైతే శుద్ధ దండగ. స్క్రాపులో దొరికే హౌసింగ్ ఏ టాక్సీలో ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో నీకు ఎవడు చెప్తాడు? నీదేమో మిల్లు యజమాని బండి, మెల్లగా తిరిగిన బండి.

ఆయిలు అంతలా బయటికి కారిందంటే లోపల ఎంత మిగిలి ఉంటుంది? ఆయిలు తక్కువైన హౌసింగ్ ఊళ పెట్టక పాట పాడుతుందా? ముందు ఆయిలు పోసే ప్లగ్గు విప్పు, తరవాతే కింది డ్రెయిన్ ప్లగ్గు. పైది తుప్పు పట్టి ఊడక, కిందిది ఊడదీసి కూర్చున్నావనుకో, బండి అక్కడే. బండి కాస్త తిరిగి వేడెక్కి ఉంటే ఆయిలు బాగా దిగేది, నీది ఇప్పుడు తిప్పకూడదు కాబట్టి రాత్రంతా కారనివ్వు. దిగిన ఆయిలులో అయస్కాంతం తిప్పు. బూడిదరంగు మెత్తటి పేస్టులాంటిది అంటుకుంటే అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే తునకలొస్తే అప్పుడు గుడ్డు (క్రౌన్ పీనియన్ ఉండే డిఫరెన్షియల్) విప్పాలి.

మోతలో తేడాలుంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగి, వదిలితే తగ్గేది పళ్ల మోత. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమని, మలుపులో బరువు ఆ పక్కకి పడ్డప్పుడు ఎక్కువైతే హబ్ బేరింగ్. నీది మొదటి రకమే. అయినా ఈపీ 90 గేరాయిలు నిండా పోసి విన్నాకే తీర్పు. డబ్బా మీద జీఎల్ 5 అని ఉన్నది హౌసింగ్‌కి బాగుంటుంది. మిగిలింది కదా అని అదే గేర్‌బాక్సులో పొయ్యకు, అందులో ఇత్తడి రింగులుంటాయి, దానికి సరిపడదు. లెవెల్ ప్లగ్గు బెజ్జం నుంచి బొట్లు పడేదాకా పొయ్యి, అవి ఆగాక ప్లగ్గు బిగించు. ‘ఇంకొంచెం పోస్తే మంచిదే’ అనుకుంటే ఆ కొంచెమే మళ్లీ డ్రమ్ములోకి వస్తుంది.

‘టక్’ దెబ్బకి నేనైతే ముందు క్రాసులు చూస్తాను, అంటే గేర్‌బాక్సు నుంచి హౌసింగ్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర్ల కీళ్లు. బండి కింద దూరి ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టు. క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే అక్కడ గ్రీజు చచ్చిపోయి చాలాకాలమైంది. ఆ తరవాత కమాను కట్టల యూ బోల్టులు. అవి వదులైనా ఇదే దెబ్బ వస్తుంది.

లీకు సంగతి. మనవాళ్లు సీలు (ఆయిలు బయటికి రాకుండా ఆపే రింగు) మార్చి ఊరుకుంటారు, ఆర్నెల్లకి మళ్లీ లీకు. హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది చూడు. ఏళ్ల తరబడి మట్టి, గ్రీజు, నీ బండికైతే ఊక కూడా, పట్టేసి మూసుకుపోతుంది. హౌసింగ్ వేడెక్కితే లోపల గాలి వ్యాకోచిస్తుంది, దానికి దారి కావాలి. పైన దారి లేకపోతే సీలు లిప్పునే (లోపలి అంచునే) తోసుకుని ఆయిలుతో సహా డ్రమ్ములోకి వస్తుంది. సన్న తీగ పెట్టి, కిరసనాయిలుతో కడిగి, నోటితో ఊది చూడు. గాలి పోవాలి. సీలు డబ్బులు పెట్టేముందు ఇది చెయ్యి.

సీలు మార్చేటప్పుడు: డ్రమ్ము తీసేముందు హ్యాండ్‌బ్రేక్ వదిలి, బ్రేకు ఎడ్జస్టర్ వెనక్కి తిప్పు. లేకపోతే సుత్తితో కొట్టీ కొట్టీ డ్రమ్ము అంచు విరగ్గొడతారు. స్క్రూలకి ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టు. యాక్సిల్ షాఫ్టు బయటికి లాగాక పెద్ద నట్టు వస్తుంది, లాకు వాషరు మడత విప్పాలి. టామీ రాడ్ వేసి బలం పెట్టేముందు టార్చి లైటు వేసి మర ఏ వైపు వాలిందో చూడు. రెండు పక్కలా ఒకే మర అనుకుని లాగితే మర పోతుంది. సీలు లిప్పు బేరింగ్ వైపు. లిప్పు ఆనే చోట గోరు పెట్టి గీకితే గాడి తగిలిందా, కొత్త సీలు కూడా నిలవదు. లేత్ షాపులో స్లీవు వేయించు. ఫ్లాంజి కాగితం గ్యాస్కెట్టు పాతదే మళ్లీ పెట్టకు.

బ్రేకు షూలకి పట్టిన ఆయిలు పెట్రోలుతో కడిగి, మంట చూపించి వాడేవాళ్లున్నారు. మా షెడ్డులో ఆ పని చెయ్యనివ్వను. రెండు పక్కలా కొత్త లైనింగ్ వేయించు. డ్రమ్ములో దుమ్ము మాత్రం ఎయిర్ కొట్టి ఊదకు, ఆ కాలం లైనింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయ్.

కోనసీమ మార్క్3:

బాబాయ్ గారూ, దండాలండి. ఇవాళ డ్రెయిన్ చేశాను. లోపల నుంచి వచ్చింది అరలీటరు ఉంటుందేమో! అయస్కాంతానికి పేస్టే, తునకల్లేవు. బ్రీదర్ మీరు చెప్పినట్టే పూర్తిగా మూసుకుపోయింది. అది బ్రీదరని తెలియక దాని మీద పెయింటు కూడా కొట్టారెవరో. వెనక క్రాసు దగ్గర ఎర్రపొడి ఉందండి. అయితే హౌసింగ్ గండం గడిచినట్టేనా? ఇక ఆ కమాను హ్యాంగర్ దగ్గర తుప్పుకి ఏం చెయ్యాలి? పైన రేకు అతికించేస్తే చాలదా?

ఆటోనగర్ బాబాయ్:

చూశావా. ఆ అరలీటరుతో నలభై మీద తిప్పావు, అందుకే ఊళ. కొత్త ఆయిలు పోసి, క్రాసు మార్చి, బ్రేకులయ్యాక విందువుగాని. ఒకవేళ అప్పుడూ సన్నగా మోత ఉంటే ఉండనీ. ఈ వయసు అంబాసిడర్‌కి కొంచెం మోత ఉంటుంది, అది భరించొచ్చు. క్రౌనూ పీనియనూ ఒక జత, కలిసి అరిగిన పళ్లు. విప్పి షిమ్ములు (సందు సరిచేసే పలచటి వాషర్లు) అటూ ఇటూ మార్చినవాడు బ్లూ రంగు పూసి పళ్ల ముద్ర చూడడం తెలిసినవాడైతే సరే. ‘అందాజుగా బిగించా సార్’ అనేవాడైతే ముందున్న మోతకి రెట్టింపు చేస్తాడు.

అసలు పని ఇప్పుడు మొదలు. అంబాసిడర్‌కి లారీలాగా విడిగా చాసిస్ లేదు. బాడీయే చాసిస్. కమాను కట్టలు వేలాడేది ఆ రేకు పెట్టెల మీదే. కాబట్టి హ్యాంగర్ దగ్గర తుప్పు అందం సమస్య కాదు. గుంతలో పడ్డప్పుడు ఆ షాకిల్ పైకి పొడుచుకొస్తే హౌసింగ్ స్థానం తప్పుతుంది. అతుకు వెయ్యొద్దు. తుప్పు మీద వేసిన అతుకుకి పట్టు దొరకదు, చుట్టూ ఉన్న పలచటి రేకు దాన్ని వదిలేస్తుంది. గట్టి రేకు కనపడేదాకా కోసెయ్యాలి.

కోసేముందు పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టు. ట్యాంకు డిక్కీ దగ్గరే, నీ వెల్డింగ్ చేసే చోటికి బారెడు దూరం. ఖాళీ చేశాం కదా అని బండికే వదిలేస్తారు కొందరు. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, అది నిండు ట్యాంకు కంటే ప్రమాదం. బ్యాటరీ వైర్లు రెండూ పీకెయ్.

బండిని ఇటుకల మీద ఎక్కించకు, స్టాండులు పెట్టు. హౌసింగ్ దించేటప్పుడు మనిషి తోడుండాలి, ఒక్కడివే బరువు మోసి నడుం పట్టేసేలా చేసుకోకు. ముందు నాలుగు డోర్లూ వేసి తీసి చూడు, సందులు సమానంగా ఉన్నాయో లేదో గుర్తు పెట్టుకో. డోర్ల కింద బాక్సు కొయ్యాల్సొస్తే మొత్తం ఒకేసారి కొయ్యకు. ఒక ముక్క కోసి, కొత్త ముక్క అతికి, అప్పుడు రెండోది. లేకపోతే నడిమి భాగం దిగిపోయి డోరు పడదు. వెల్డింగ్ అయ్యాక సరిచెయ్యడం నా వల్ల కూడా కాదు.

ఊక అంతా తీసెయ్. అది లోపల ఉన్నంతకాలం తడిని పట్టుకునే ఉంటుంది, నువ్వు బయట ఏ పెయింటు కొట్టినా వృథా. ఎయిర్ కొట్టి, పొడవాటి తీగ దూర్చి, వాక్యూమ్ పెట్టి తియ్యి. బాక్సు అడుగున నీళ్లు పోవడానికి చిన్న బెజ్జాలుంటాయి, అవి మూసుకుపోవడం వల్లే ఇదంతా. వాటిని తెరిచి, పెయింటింగ్ అయ్యాక కూడా తెరిచే ఉన్నాయో లేదో చూడు.

తరవాత వైరు బ్రష్, గ్రైండర్. మూలల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ రాసి, డబ్బా మీద రాసినట్టు కడిగి, పూర్తిగా ఆరనివ్వు. మీ కోనసీమ గాలిలో ఆరడం అంటే మధ్యాహ్నం ఎండే. ఆరిన పూటే ప్రైమరు పడాలి, రాత్రి వదిలేస్తే పొద్దున్నకి మళ్లీ ఎర్రగా అవుతుంది. ఎపాక్సీ ప్రైమరు, దాని మీద చాసిస్ బ్లాక్. బాక్సుల లోపలికి వ్యాక్స్. తారు గురించి పైన ఓరుగల్లు అబ్బాయి చెప్పింది నిజం. తారు ఎండి పగులుతుంది, పగుల్లోంచి నీళ్లు దూరి బయటికి రావు. ఇంకొకటి, వాటర్ సర్వీసు చేయించాక పాత ఇంజనాయిలు, డీజిలు కలిపి అడుగంతా స్ప్రే కొడతారు చూడు, అది కొట్టించకు. రేకుకి మంచిదే కావచ్చు, రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి.

కమాను కట్టలు ఎటూ దించుతున్నావు కాబట్టి పలకలు విడదీసి మధ్య బోల్టు బెజ్జం దగ్గర పగులుందేమో చూడు. ఎక్కువగా అక్కడే విరుగుతాయి. వంపు పోయి ఉంటే లారీ కమాన్లు కొట్టేవాళ్ల దగ్గర రెండూ జతగా కొట్టించు, పక్కపక్కన పెట్టి ఒకే ఎత్తు ఉండేలా. మధ్య బోల్టు తల హౌసింగ్ పలక బెజ్జంలో సరిగ్గా కూర్చోకపోతే చక్రాలు వంకరగా నడిచి టైర్లు తింటాయి. బుష్షు బోల్టులు బండి గాల్లో ఉన్నప్పుడు చేత్తోనే పట్టించి, చక్రాలు నేల మీదికి దిగి బరువు పడ్డాక బిగించు. గాల్లో బిగిస్తే దించగానే రబ్బరు మెలితిరిగిపోతుంది. యూ బోల్టులు కొద్ది దూరం తిప్పాక మళ్లీ బిగించాలి.

బర్మింగ్‌హామ్ తెలుగోడు:

నాది 1959 ఎంజీఏ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మీ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది కాబట్టి రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) చుట్టాలే, 1489 సీసీ ఇంజన్ కూడా ఒకటే కుటుంబం. హబ్ సీళ్లు, గ్యాస్కెట్లు ఇక్కడ ఇంకా కొత్తవి తయారవుతున్నాయి. కానీ బొమ్మ చూసి ఆర్డరు పెట్టకండి. పాత సీలు లోపలి కొలత, బయటి కొలత, మందం వెర్నియర్‌తో తీసి మీ దగ్గరి బేరింగుల షాపులో అడగండి. సీలు కొలతను బట్టే కదా, బండి పేరుతో పనేముంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరకొచ్చు.

ఓరుగల్లు డీజిల్:

బాబాయ్ చెప్పినంక నా హౌసింగ్ మాట వాపస్. ఇంకో సంగతి అన్నా, 1977 బండి అంటే 2027ల యాభై ఏండ్లు నిండుతయి. 2021ల వచ్చిన రూల్ ప్రకారం యాభై దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేలు, పదేండ్లు చెల్లుతది. అయితే బండి అసలు రూపంల ఉండాలె, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చి పెద్ద మార్పులు చేసి ఉండొద్దు. ఆ నంబరు తీసుకుంటే రోజూ తిప్పుడు కుదరదు, ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు అంతే. నువ్వు రోజూ తిప్పాలనుకుంటే మామూలు రెన్యువలే చూస్కో. వెల్డింగ్ ముందు, తర్వాత ఫోటోలు మాత్రం తీసి పెట్టు.

కోనసీమ మార్క్3:

రోజూ తిప్పడానికేనండి, మా అమ్మగారు గుడికి ఇందులోనే వెళ్తానంటున్నారు. ట్యాంకు దించేశాను. కుడి షాకిల్ బోల్టు ఊడింది, ఎడమది కదలట్లేదు. నూనె కొట్టి రెండు రోజులైంది. గ్యాసుతో వేడి చెయ్యనా?

ఆటోనగర్ బాబాయ్:

లోపల రబ్బరు ఉంది, మంట పెడితే కాలి పొగ, కంపు, పక్కన అడుగున పాత తారేమైనా ఉంటే అదీ అంటుకుంటుంది. ఎలాగూ బోల్టు, బుష్షు కొత్తవే వేస్తున్నావు. గ్రైండర్‌తో రెండు పక్కలా తల కోసి బయటికి తన్నెయ్. కళ్లజోడు పెట్టుకో.